ద్వారబంధం మీద గోటి గీతలు: ఇంటి కలపకూ పిల్లికీ మధ్య తగవు చరిత్ర

తెలుగునాట ఇల్లు కట్టించేవారు కలపకు శత్రువులుగా చెదను, చెమ్మను, ఎండను, పుచ్చు పురుగును లెక్కించారే గాని పిల్లిని ఆ కోవలో చేర్చలేదు. చెదకు వెరచి చేవ గల టేకును, వేగిసను, మద్దిని ద్వారబంధాలకు ఎంచుకున్నారు. చేవ అంటే చెట్టు మాను నడుమ ముదిరి గట్టిపడిన కలప, పురుగుకు త్వరగా లొంగనిది. అంత స్తోమత లేనివారు వేపతోనో తుమ్మతోనో సరిపెట్టుకుని, పైకప్పుకు తాటి దూలాలు ఎత్తుకున్నారు. స్తంభం కింద రాతి దిమ్మ వేయడం, తలుపులకు అప్పుడప్పుడూ నూనె పట్టించడం, వాన జల్లు పడే వైపు చూరును కిందికి దించడం, ఇవన్నీ నీటి మీద, పురుగు మీద జరిపిన పోరాటాలు. పిల్లి గోళ్ళ నుంచి తలుపును కాపాడుకోవడం అనే చింత, ఇంటి తలుపు రాత్రింబవళ్ళు మూసి ఉండటం, పిల్లి ఆ తలుపు లోపలే ఉండిపోవడం మొదలైన తరువాత మాత్రమే పుట్టింది. అందుచేత దాని చరిత్రలో అధికభాగం పశ్చిమ ఐరోపా, అమెరికా నగరాలలో జరిగింది, తెలుగు నగరాలకు అది చేరింది ఇటీవలనే.

పాత తెలుగు ఇంట్లో పిల్లికి ఒక పని ఉండేది, ఒక నేరమూ ఉండేది. పని ఎలుకలను పట్టడం: ధాన్యం గాదెలలో, గరిసెలలో, నేలలో తవ్విన పాతరలలో నిలువ ఉండే కాలంలో ఎలుక చేసే నష్టం రైతుకు పన్నుతో సమానమైనది గనుక, పిల్లి అటక మీద ఈనినా ఎవరూ కాదనేవారు కారు. నేరం పాల దొంగతనం. ఆ నేరానికి విరుగుడుగా ప్రతి వంటింటి దూలానికీ ఉట్టి వేలాడింది. తాళ్ళతో అల్లి, పాలు, పెరుగు, వెన్న ఉంచిన కుండలను అందనంత ఎత్తున నిలిపే సాధనమిది. వాడుకలో ఉన్న సామెతలలో పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంది, ఎలుకతో చెలగాటమాడుతుంది, మెడలో గంట కట్టించుకోవడానికి ఎవరికీ చిక్కదు. తలుపు గీరే పిల్లి మాత్రం ప్రసిద్ధమైన సామెతలలో ఎక్కడా కనబడదు. తెనాలి రామకృష్ణుడు కాగే పాలు తాగించి పిల్లిని పాలంటేనే బెదిరేలా చేశాడన్న జనశ్రుతిలో కూడా వివాదమంతా పాల గురించినదే. మండువా లోగిలి, అంటే నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న ముంగిలి చుట్టూ వసారాలు, గదులు అమర్చిన ఇల్లు, పిల్లికి ఏ వైపు నుంచైనా దారి ఇచ్చేది. పెరట్లో వేపచెట్టు, మునగమాను, కంచె రాట దాని గోళ్ళకు సిద్ధంగా ఉండేవి. గీరడానికి ప్రాణమున్న చెట్టు దొరికినప్పుడు చేవ గట్టిపడిన టేకు ద్వారబంధం జోలికి పోవలసిన అగత్యం పిల్లికి లేదు.

గీరడం పిల్లికి దురలవాటు కాదు, దేహధర్మం. ముందు పాదానికి ఐదు, వెనుక పాదానికి నాలుగు చొప్పున దానికి సాధారణంగా పద్దెనిమిది గోళ్ళు ఉంటాయి. ఒక్కొక్క గోరు వేలి చివరి ఎముక నుంచి నేరుగా మొలుస్తుంది, సాగే గుణం గల నరాల వంటి బంధనాల వల్ల విశ్రాంతి వేళ లోపలికి ముడుచుకుని ఉంటుంది. గోరు పొరలు పొరలుగా పెరుగుతుంది గనుక, పాతబడి మొద్దుబారిన పైపొర ఊడిపోతేగాని అడుగునున్న వాడి మొన బయటపడదు. ముందు గోళ్ళ పొరను గట్టి వస్తువుకు గుచ్చి లాగడం ద్వారా, వెనుక గోళ్ళ పొరను పళ్ళతో కొరకడం ద్వారా పిల్లి వదిలించుకుంటుంది. అంతకన్న ముఖ్యమైనది సరిహద్దు చాటింపు. వేళ్ళ సందుల్లోని గ్రంథుల నుంచి వెలువడే వాసన గీతలో నిలుస్తుంది, గీత కంటికి కనబడుతుంది, వాసన ముక్కుకు తెలుస్తుంది, ఆ వాసన తగ్గినప్పుడల్లా పిల్లి మళ్ళీ అదే చోటికి వస్తుంది. ద్వారబంధాలు, సోఫా మూలలు, మెట్ల కమ్ములు ఎక్కువగా దెబ్బతినడానికి కారణం ఇదే. అవి ఇంటిలో అందరూ నడిచే దారి పక్కన నిలువుగా, కదలకుండా ఉండే వస్తువులు, సరిహద్దు రాయి పాతడానికి అంతకు మించిన చోటు లేదు. నల్లమలలో పులి గణనకు బయలుదేరే అటవీ సిబ్బంది అడుగుజాడలతో పాటు చెట్ల మానుల మీద పులి గోళ్ళు దింపిన చారలను కూడా వెదికి నమోదు చేసుకుంటారు. శ్రీశైలం అడవిలోని ఆ చారకూ పడకగది తలుపు మీది చారకూ పరిమాణంలోనే భేదం.

పిల్లి మనిషి పంచకు చేరడం ధాన్యపు కొట్లతో మొదలైంది. సైప్రస్ దీవిలోని షిల్లూరోకాంబోస్ అనే నవీన శిలాయుగపు గ్రామంలో మనిషి పక్కనే పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరం దాదాపు 9,500 ఏళ్ళ నాటిదని ఫ్రెంచి పురావస్తు బృందం 2004లో ప్రకటించింది. దీవికి స్వతహాగా పిల్లులు లేవు గనుక దానిని పడవలో ఎవరో తెచ్చి ఉండాలి. అప్పటి నుంచి మొన్నమొన్నటి వరకు పిల్లి స్థానం ఇంటి మనిషి కన్న ఇంటి కాపరికే దగ్గర. కాపరిని లోపల బంధించరు; రాకపోకలకు దారి వదులుతారు.

ఐరోపాలో ఆ దారిని తలుపులోనే కోశారు. చలిదేశం కావడం వల్ల తలుపు తెరిచి ఉంచడం కుదరదు, ఎలుకలున్నందువల్ల పిల్లిని రానీయక తప్పదు. రెండింటికీ పొత్తు కుదిర్చినది తలుపు అడుగున చేసిన గుండ్రని రంధ్రం. 14వ శతాబ్దం చివర జెఫ్రీ చాసర్ రాసిన కాంటర్బరీ కథలలో మిల్లర్ చెప్పే కథ ఆక్స్‌ఫర్డ్‌లో ఒక వడ్రంగి ఇంట జరుగుతుంది. ఆ ఇంటి సేవకుడు, మూసి ఉన్న గదిలో ఏం జరుగుతున్నదో పిల్లి దూరే రంధ్రంలోంచి వంగి చూస్తాడు. వడ్రంగి తన ఇంటి తలుపుకే రంధ్రం పెట్టుకున్నాడంటే ఆ కాలంలో అది సర్వసామాన్యమని గ్రహించవచ్చు. పిల్లికోసం తలుపుకు రంధ్రం చేయించినవాడు ఐజాక్ న్యూటన్ అనే కథ ఇప్పటికీ ప్రచారంలో ఉన్నది గాని, ఆయన పుట్టడానికి రెండు శతాబ్దాలకు పైగా ముందే ఆ రంధ్రం కవిత్వానికి ఎక్కింది.

నైరుతి ఇంగ్లండులోని ఎక్సెటర్ కెథీడ్రల్‌లో ఇందుకు కలప సాక్ష్యం నేటికీ నిలిచి ఉంది. అక్కడి ఉత్తర భాగంలో సూర్యచంద్రుల గతులను చూపే పెద్ద గడియారం ఉన్నది. దాని యంత్రపు తాళ్ళకు పూసే జంతువుల కొవ్వు వాసనకు ఎలుకలు చేరేవి. గడియారం వెనుక గదిలోకి పోయే తలుపుకు పిల్లి దూరేటంత రంధ్రం కోసినందుకు 1598లో, విలియం కాటన్ బిషప్పుగా ఉండగా, వడ్రంగులకు ఎనిమిది పెన్నీలు చెల్లించినట్లు లెక్క ఉంది. అంతకు ముందరి 14, 15 శతాబ్దాల ఖాతాలలో పిల్లి పోషణకు వారానికి ఒక పెన్నీ చొప్పున వ్రాసుకున్నారు. దేవాలయ ఉద్యోగుల పద్దులో పిల్లికి జీతం పడటం నవ్వు పుట్టించవచ్చు గాని, ఆ పద్దులోని తర్కం నిర్దుష్టమైనది: తలుపు చెక్క కన్న గడియారపు తాడు ఖరీదైనది. పిల్లి వల్ల కలపకు కలిగే నష్టాన్ని ఆ కాలం వారు తామే ముందుగా, తమ రంపంతో, ఒకేసారి చేసుకున్నారు.

ఈ లెక్క 19వ శతాబ్దంలో తలకిందులైంది. స్ప్రింగులు అమర్చి గుడ్డ తొడిగిన మెత్తని కుర్చీలు, పలుచని విలువైన కలప పొరను చౌక చెక్క మీద అతికించిన బీరువాలు మధ్యతరగతి ఇంటి హాలులోకి వచ్చాయి. ఈ అతుకు పొరను నేటి తెలుగు వడ్రంగులు వెనీర్ అంటారు. ఆవిరి రంపాలు వచ్చాక అది చౌకగా, నానాటికీ పలుచగా తయారయింది. వాటి మీద పూసిన ఫ్రెంచి పాలిష్ నిజానికి భారతదేశపు సరకు: ఛోటానాగపూర్ ప్రాంతపు అడవులలో మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు విడిచే జిగురును కరిగించి, పలకలుగా ఆరబెట్టి, కలకత్తా రేవు నుంచి ఓడల్లో ఐరోపాకు పంపితే, అక్కడి పనివారు దానిని స్పిరిటులో కరిగించి గుడ్డ ఉండతో పొర మీద పొరగా రుద్దేవారు. అద్దంలా మెరిసే ఆ పూత మెరుపుకే గాని కాపుదలకు కాదు. వేడి గిన్నె పెడితే మచ్చ పడుతుంది, గోరు తగిలితే తెల్లని గీత పడుతుంది. ఏటికొప్పాక లక్కపిడతలు పదిలంగా ఉండటానికి, లండన్ హాలులోని బల్ల చెడిపోవడానికి లక్క నాణ్యతలో తేడా కారణం కాదు. ఆ బల్ల పక్కన పిల్లి చేరింది.

అలా చేరడానికి తగిన గౌరవం కూడా పిల్లికి వచ్చింది. 1871 జూలై 13న లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వియర్ అనే చిత్రకారుడు పెద్ద ఎత్తున పిల్లుల ప్రదర్శన ఏర్పాటు చేశాడు. జాతులు, తరగతులు, బహుమతులు నిర్ణయించిన ఆ తరహా ప్రదర్శనలకు అదే నాంది. ఎలుకలు పట్టే కూలీ ఒక తరంలోనే మెత్తటి దిండు మీద కూర్చునే బంధువయింది. అయినా రాత్రి వేళ దానిని బయటికి పంపే ఆచారం మరికొన్ని దశాబ్దాలు సాగింది, ఎందుకంటే పిల్లి మలమూత్రాలకు ఇంట్లో చోటు లేదు. ఇసుక, బూడిద, మట్టి పోసిన పెట్టెలు ఉండేవి గాని వాటి వాసన భరించి పిల్లిని ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోవడం దుస్సాధ్యం.

తలుపును చివరికి మూసినది మట్టి. 1947లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కాసోపోలిస్ అనే చిన్న ఊరిలో, పరిశ్రమలకు నూనె తడిని పీల్చే పదార్థాలు అమ్మే కుటుంబానికి చెందిన ఎడ్వర్డ్ లోవ్‌ను పొరుగింటి ఆమె పిల్లి పెట్టెకోసం ఇసుక అడగగా, ఆయన తన వద్దనున్న ఎండిన బంకమట్టి రేణువులు ఇచ్చాడు. తడిని, వాసనను పీల్చుకునే ఆ మట్టిని తరువాత సంచులలో నింపి, కిటీ లిటర్ అని పేరు వ్రాసి, దుకాణంలో పెట్టాడు. ఉచితంగా దొరికే ఇసుకకు బదులు డబ్బిచ్చి మట్టి ఎవరు కొంటారని మొదట సందేహించినవారు ఉన్నారు. కొద్ది దశాబ్దాలలో అది పెద్ద పరిశ్రమ అయింది. మోటారు వాహనాల రద్దీ, అంతస్తుల భవనాలలో కాపురాలు, సంతాన నిరోధక శస్త్రచికిత్స వ్యాప్తి కూడా తోడై, ఏనాడూ మట్టి తొక్కని పిల్లులు మొదటిసారి పెద్ద సంఖ్యలో తయారయ్యాయి. చెట్టు లేని పిల్లికి ఇంట్లో చెట్టును పోలినవి ద్వారబంధమూ సోఫా కాలూ మాత్రమే. కలపకూ పిల్లికీ అసలైన తగవు ఇక్కడ మొదలైంది.

అమెరికా ఆ తగవును కత్తితో తీర్చబూనింది. పిల్లి గోళ్ళు తొలగించే శస్త్రచికిత్స ప్రస్తావన 1952లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో వెలువడింది. తరువాతి దశాబ్దాలలో అది మామూలు సేవ అయిపోయి, ఆడపిల్లికి గర్భసంచి తీసే రోజునే గోళ్ళు కూడా తీయించడం అనేక చోట్ల రివాజయింది. పేరు గోళ్ళ తొలగింపు అయినా జరిగేది వేరు. గోరు వేలి చివరి ఎముక నుంచి మొలుస్తుంది గనుక, అది మళ్ళీ పెరగకుండా ఉండాలంటే ఆ ఎముకనే కణుపు దగ్గర కోసివేయాలి. మనిషి చేతివేళ్ళను మొదటి కణుపుకు తెగగోయడం వంటిది అది. దేశంలోని పెంపుడు పిల్లులలో దాదాపు నాలుగోవంతుకు ఈ కోత జరిగిందని ఒక దశలో అంచనా వేశారు. అద్దె ఇళ్ళ యజమానులు కొందరు, గోళ్ళు తీయించిన పిల్లి అయితేనే అద్దెకిస్తామని ఒప్పందాలలో వ్రాయించుకున్నారు. తలుపు పాలిష్ ఖర్చును ఆ విధంగా పిల్లి వేళ్ళ మీద వసూలు చేశారు.

కత్తి కలపను కాపాడిందా అన్న ప్రశ్నకు దొరికిన జవాబు విచిత్రమైనది. గోళ్ళు తీయించిన పిల్లులలో నడుము నొప్పి, కరవడం, పెట్టెలో కాక ఇతర చోట్ల మూత్రం పోయడం ఎక్కువగా కనిపిస్తున్నాయని 2010ల చివర వెలువడిన పరిశోధన తేల్చింది. తెగిన వేళ్ళ కొనలు నొచ్చే పిల్లి గరుకైన రేణువుల మీద కాలు మోపడానికి ఇష్టపడక మెత్తని తివాచీనో చెక్క నేలనో వెదుక్కుంటుంది. గోటి గీతను చిత్రిక పట్టి మాపవచ్చు. చెక్క నరాల్లోకి ఇంకిన పిల్లి మూత్రపు వాసనను పోగొట్టడానికి ఒక్కోసారి ఆ పలకనే ఊడదీయవలసి వస్తుంది. కలప పక్షం వహించి చూసినా ఇది నష్టపు బేరమే.

ఐరోపా ఈ దారి పట్టలేదు. 1987 నవంబరు 13న స్ట్రాస్‌బర్గ్‌లో సంతకాలకు పెట్టిన పెంపుడు జంతువుల రక్షణ ఒడంబడిక 10వ అధికరణం, వైద్య కారణం లేకుండా చేసే తోక, చెవి కోతలతో పాటు గోళ్ళ తొలగింపును కూడా నిషేధించింది. అది 1992లో అమలులోకి వచ్చింది. ఇజ్రాయెల్ పార్లమెంటు 2011లో నిషేధించింది. అమెరికాలో తొలి అడుగు వేసినది 2003లో కాలిఫోర్నియాలోని వెస్ట్ హాలీవుడ్ అనే చిన్న పట్టణం. ఆ రాష్ట్ర పశువైద్య సంఘం దావా వేయగా, 2007లో అప్పీలు న్యాయస్థానం పట్టణం పక్షాన తీర్పు చెప్పింది. స్థానిక సంస్థలు ఇలాంటి నిషేధాలు కొత్తగా చేయరాదన్న రాష్ట్ర చట్టం 2010 జనవరి 1 నుంచి అమలుకు రానుండగా, లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో వంటి నగరాలు 2009 చివరి వారాలలో హడావిడిగా తమ నిషేధాలను ఆమోదించుకున్నాయి. గోళ్ళు తీయించమని అద్దెదారును నిర్బంధించడం కాలిఫోర్నియాలో 2013 నుంచి చట్టవిరుద్ధం. రాష్ట్రమంతటా నిషేధించిన మొదటిది న్యూయార్క్, 2019 జూలైలో. భారతదేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ జంతువును అంగహీనం చేయడాన్ని క్రూరత్వంగా పరిగణిస్తుంది.

కత్తికి ప్రత్యామ్నాయంగా వచ్చినవాటిలో గోళ్ళకు అతికించే ప్లాస్టిక్ తొడుగులు, నారింజ వాసన నీళ్ళు, రెండు వైపులా జిగురున్న టేపులు ఉన్నాయి. ఇవి కొంతకాలం పనిచేస్తాయి, ఆ పైన పిల్లి వేరే మూల వెదుక్కుంటుంది. నిలదొక్కుకున్నది ఒక్కటే: గీరుడు రాట, అంటే తాడు బిగించి చుట్టిన నిలువు గుంజ. దాని తాడు చరిత్ర కూడా దీర్ఘమే. ఆ తాడు సాధారణంగా మెక్సికో యుకాటన్ ప్రాంతపు కిత్తలి జాతి మొక్క నార; ఎగుమతి అయిన రేవు పేరు మీదుగా సిసాల్ అనిపించుకున్నది. 1893లో రిషార్డ్ హిండార్ఫ్ అనే జర్మన్ వ్యవసాయ శాస్త్రవేత్త ఆ మొక్కలను నేటి టాంజానియాకు చేర్చగా అక్కడ పెద్ద తోటలు లేచాయి, తరువాత బ్రెజిల్ ముందుకు వచ్చింది. పంటకోత యంత్రాలలో మోపులు కట్టడానికి వాడిన ఆ తాడును ప్లాస్టిక్ తాడు చాలావరకు పక్కకు నెట్టింది. మిగిలిన గిరాకీలో కొంత పిల్లుల పుణ్యమే. నార గోటికి తేలికగా పట్టునిస్తుంది, నిలువునా చిరుగుతుంది, చిరిగిన చోట గీత కనబడుతుంది; చెట్టు బెరడులో పిల్లి కోరేవి ఆ మూడే.

హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ అపార్ట్‌మెంట్లలో పిల్లిని మూసిన తలుపు లోపల పెంచడం గత కొన్నేళ్ళలో వ్యాపించింది, దానితో పాటే ఈ తగవూ వచ్చింది. ఇక్కడ కలప వైపున కూడా మార్పు జరిగిందని గమనించాలి. మూడు, నాలుగు అంగుళాల మందాన ఉండే పాత టేకు ద్వారబంధం మీద గీత పడితే వడ్రంగి చిత్రికతో నాలుగు తోపులు తోసి, నూనె పట్టిస్తే పోయేది. నేటి తలుపు మీది టేకు వెనీర్ మందం మిల్లీమీటరుకు లోపే గనుక, గీత లోతుగా దిగితే అడుగున చవక ప్లైవుడ్ బయటపడుతుంది, తోమడానికి ఏమీ మిగలదు. సన్‌మైకా వంటి గట్టి పలకల జోలికి పిల్లి అంతగా పోదు, గోరు జారిపోతుంది గనుక. అది పట్టుకునేది ఆ పలక అంచును. పిల్లి మారలేదు, కలప పలుచబడింది.

గీరుడు రాటకు కావలసిన సరుకంతా తెలుగు నేలలోనే ఉన్నది. కోనసీమ కొబ్బరి పీచు తాడు, ఉత్తరాంధ్ర గోగునార, గట్ల మీది కిత్తనార, పాత గోనెసంచి, ఏదైనా పనికివస్తుంది. పిల్లి నిటారుగా లేచి ఒళ్ళు విరుచుకునేందుకు రాట సుమారు మూడు అడుగుల ఎత్తుండాలి, గీరేటప్పుడు ఊగకుండా అడుగున బరువైన పీట ఉండాలి. ఊగే రాటను పిల్లి ఒకసారి తాకి వదిలేస్తుంది. పాశ్చాత్యులు రాటకు పిల్లిని మరిగించడానికి క్యాట్‌నిప్ అనే పుదీనా జాతి ఆకు పొడి చల్లుతారు. ఆ ఆకుకు బదులు ఇక్కడ పెరట్లోనూ పాడుబడిన గోడల పక్కనా మొలిచే కుప్పింట మొక్క ఉన్నది, దాని వేరు వాసనకు పిల్లులు వెర్రెత్తి పొర్లుతాయి. చర్మవ్యాధుల మందుగానే ఈ మొక్క పల్లెల్లో ఎక్కువమందికి తెలుసు. పిల్లులకు దాని మీదున్న మోజు మాత్రం అంగడి సరుకుగా మారలేదు.

తలుపు పాడయిందని వడ్రంగిని పిలిచేవారు వరుసను తారుమారు చేయకుండా ఉండటం మేలు. గీత మాపి పాలిష్ చేయించి, ఆ తరువాత రాటను ఎక్కడో బాల్కనీ మూలకు నెడితే, వాసన గుర్తు పోయిన తలుపు మీద పిల్లి మళ్ళీ కొత్త గుర్తు వేస్తుంది. ముందు రాటను ఆ గీతలున్న ద్వారబంధానికి ఆనుకునే నిలపాలి. పిల్లి దానికి అలవాటుపడ్డాకనే లప్పం, పాలిష్ పనులు పెట్టుకోవాలి, రాటను మాత్రం అక్కడి నుంచి కదపరాదు.